పొట్ట మీద కాపడం: మా వృద్ధాశ్రమంలో మలబద్ధకం ప్రాజెక్టు డైరీ

డిసెంబరు మొదటి వారం

మా ఆశ్రమం కాకినాడ ఊరి చివర. చిన్నదే. ఉన్నవాళ్లలో ఎక్కువమంది డెబ్బై ఐదు దాటినవాళ్లు, కొందరైతే మంచం దిగలేరు. పొద్దున్న రౌండ్‌కి వెళ్తే బీపీ గురించో మోకాళ్ల నొప్పుల గురించో కాదు, ముందు వినపడేది "ఇవాళ కూడా అవ్వలేదమ్మా" అన్న మాటే. అది కూడా గొంతు తగ్గించి చెప్తారు, పక్క మంచం వాళ్లకి వినపడకూడదని. నాలుగైదు రోజులు అవ్వకపోయినా నోరు విప్పనివాళ్లు ఉన్నారు. వాళ్లు అన్నం తగ్గించేసినా, ఊరికే విసుక్కుంటున్నా, రాత్రిపూట పొంతన లేకుండా మాట్లాడుతున్నా మనకే అనుమానం రావాలి. ఈ వయసులో మలబద్ధకం పొట్టతో ఆగదు. మూత్రం బిగుసుకుపోతుంది, ఆకలి చస్తుంది, మనిషి అయోమయంలో పడిపోతారు, ముక్కీ ముక్కీ బాత్రూంలోనే కళ్లు తిరిగి పడిపోయినవాళ్లని నర్సుగా పనిచేసిన ప్రతిచోటా చూశాను.

ఇప్పటిదాకా ఇక్కడ నడిచేది ఇది: అడిగితే సిరప్, రెండోసారి అడిగితే రాత్రికి మాత్ర, అదీ పనిచేయకపోతే ఎనిమా. దానికి ముందు ఇంకేదైనా ఉండాలి కదా అన్నదే ఈ ప్రాజెక్టు.

కాపడం అన్న ఆలోచన రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకటి, ఇక్కడి మామ్మగారు ఒకావిడ. "మా అత్తగారు ఆముదం ఆకు వెచ్చజేసి పొత్తికడుపు మీద వేసేదమ్మా, గంటలో వెళ్లిపోయేది" అని ఎప్పుడూ అంటుంటారు. రెండోది, నాతో చదివి ఇప్పుడు జపాన్‌లో కేర్‌గివర్‌గా చేస్తున్న స్నేహితురాలు. వేడి నీళ్లలో ముంచి పిండిన టవల్‌ని నడుము కింది భాగాన పరిచి పది నిమిషాలు ఉంచడం అక్కడ నర్సింగ్ చదువులోనే నేర్పుతారట, మలబద్ధకానికీ పొట్ట ఉబ్బరానికీ. వారానికోసారి వచ్చే మా డాక్టర్‌గారితో మాట్లాడితే సరే అన్నారు కానీ షరతులు పెట్టారు: ఎవరికి పెట్టాలో ఆయన చూశాకే పెట్టాలి, మొదట్లో మందులూ తిండీ ఏవీ మార్చకూడదు, ప్రతిదీ పుస్తకంలో రాయాలి.

డిసెంబరు రెండో వారం

ముందు లెక్క సరిచేసుకోవాలి. రోజూ అవ్వకపోతే జబ్బే అని మా తాతగార్లలో చాలామంది నమ్మకం. అది నిజం కాదు. వారానికి మూడుసార్ల కంటే తక్కువ కావడం, ఎక్కువసార్లు ముక్కాల్సి రావడం, గట్టిగా ఉండలుగా రావడం, అయినా ఇంకా లోపల ఉన్నట్టే అనిపించడం, ఇలాంటివి రెండైనా కలిసి కొంతకాలంగా ఉంటే అప్పుడు మలబద్ధకం అంటాం. రోజు విడిచి రోజు మెత్తగా హాయిగా అయ్యేవాళ్లకి ఏ వైద్యమూ అక్కర్లేదు. ఆ ఒక్క మాట చెప్పడంతోనే ఒకాయన టెన్షన్ సగం తగ్గింది.

రాయడానికి బ్రిస్టల్ చార్టు పెట్టుకున్నాం. 1997లో ఇంగ్లండులోని బ్రిస్టల్ డాక్టర్లు అచ్చువేసిన బొమ్మల చార్టు అది, ఏడు రకాలు ఉంటాయి. ఒకటి మేక పెంటికల్లా గట్టి ఉండలు, నాలుగు మెత్తగా నున్నగా, ఏడు పూర్తిగా నీళ్లు. బాత్రూం తలుపు లోపలివైపు అతికించాం. ఆయమ్మలకి "ఎలా అయింది" అని అడిగితే సిగ్గుపడి "బానే అయిందండి" అనేసేవాళ్లు. ఇప్పుడు "మామ్మగారిది రెండు, మాస్టారిది మూడు" అని అంకె చెప్పేస్తున్నారు. చెప్పేవాళ్లకీ వినేవాళ్లకీ ఇబ్బంది పోయింది.

డిసెంబరు మూడో వారం: ఎవరికి పెట్టకూడదు

ఈ జాబితా కాపడం కంటే ముఖ్యం, అందుకే దీని మీదే ఎక్కువ కూర్చున్నాం.

కారణం తెలియని కడుపునొప్పి, వాంతులు, పొట్ట రాయిలా బిగుసుకుని గ్యాస్ కూడా పోకపోవడం ఉంటే కాపడం ఊసే వద్దు, ఆసుపత్రికే. మలంలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం, ఎన్నడూ లేనిది ఈమధ్యే మొదలైన మలబద్ధకం, ఇవి ఉన్నవాళ్లని ముందు డాక్టర్‌గారు పరీక్ష చేయాల్సిందే. ఈమధ్య పొట్ట ఆపరేషన్ అయినవాళ్లు, పొట్టలో పెద్ద రక్తనాళం ఉబ్బిందని స్కానింగ్‌లో తేలినవాళ్లు, చర్మం మీద పుండ్లున్నవాళ్లు వద్దు. నొప్పికి ఫెంటానిల్ పట్టీ వేసుకున్నవాళ్లకి వేడి తగిలితే మందు ఒక్కసారిగా ఎక్కువ లోపలికి పోతుంది, అది ప్రాణం మీదికి తెస్తుంది. ఇన్సులిన్ పొట్టకి పొడిచేవాళ్లకి కూడా అంతే, పొడిచిన చోట వేడి పెడితే మందు త్వరగా ఎక్కి షుగర్ పడిపోవచ్చు. పొట్టకి నొప్పి బామ్ రాసుకునే అలవాటున్నవాళ్లయితే ముందు అది శుభ్రంగా తుడవాలి.

అన్నిటికంటే పెద్ద భయం స్పర్శ తెలియనివాళ్లతో. షుగర్ పాతబడినవాళ్లు, పక్షవాతం వచ్చినవాళ్లు, మతిమరుపు ముదిరి "కాలుతోంది" అని చెప్పలేనివాళ్లు. దీనికి చిన్న పరీక్ష పెట్టుకున్నాం. రెండు చిన్న స్టీలు గ్లాసులు, ఒకదాంట్లో గోరువెచ్చని నీళ్లు, ఇంకోదాంట్లో కుండ నీళ్లు. కళ్లు మూసుకోమని ఒక్కో గ్లాసు పొట్ట మీద, నడుము మీద ఆనించి, చల్లనా వేడా అని అడగాలి, వరస మార్చి మార్చి. ఇరవై ఏళ్లుగా షుగర్ ఉన్న ఒక మామ్మగారు అన్నిసార్లూ "వెచ్చగానే ఉందమ్మా" అన్నారు, చల్ల గ్లాసు పెట్టినా. ఆవిడకి కాపడం పెట్టట్లేదు. పెట్టమని ఎంత అడిగినా సరే.

డిసెంబరు చివర: దేంతో పెట్టాలి

ఉన్నవన్నీ బయట పెట్టి థర్మామీటరుతో కొలిచాం, వంటింట్లో వాడే పొడుగు సూది రకం.

ఉప్పు మూట: రాళ్ల ఉప్పు మూకుట్లో వేయించి గుడ్డలో కట్టేది. అందరికీ ఇష్టం ఇదే, చిన్నప్పటి నుంచి చూసింది కాబట్టి. కానీ మూకుట్లోంచి తీసినప్పుడు ఎంత వేడి ఉందో చేత్తో పట్టుకుంటే తెలియదు, మూట నడిమధ్య ఒకలా అంచు ఒకలా ఉంటుంది. పలచబడ్డ చర్మానికి వద్దనుకున్నాం.

కరెంటు జెల్ బ్యాగ్: మందుల షాపుల్లో దొరికే ప్లగ్గు ఉన్న రకం. మా దగ్గరున్నది ఒక మూల బాగా వేడెక్కి ఇంకో మూల చల్లగా ఉండిపోతోంది. పక్కన పెట్టేశాం.

తడి టవల్: జపాన్ పద్ధతి. తడి వేడి చర్మానికి త్వరగా ఎక్కుతుంది, హాయిగా ఉంటుంది, కానీ అంతే త్వరగా చల్లారుతుంది. పైన ప్లాస్టిక్ షీటు, దాని మీద పొడి టవల్ కప్పితే పది నిమిషాలు నిలుస్తుంది. నడుముకి ఇదే బాగుంది.

రబ్బరు హాట్ వాటర్ బ్యాగ్: పొత్తికడుపుకి ఇది ఖాయం చేశాం. మరిగే నీళ్లు అసలు పోయకూడదు. 55 డిగ్రీల దగ్గరున్న నీళ్లు మూడింట రెండు వంతులు పోసి, బల్ల మీద పడుకోబెట్టి గాలి వెళ్లగొట్టి, మూత బిగించి, తలకిందులు చేసి కారుతోందేమో చూసి, మందపాటి టర్కీ టవల్ రెండు మడతలు చుట్టాలి. అలా చుట్టాక పైన కొలిస్తే 41, 42 దగ్గర ఆగింది. మాకు కావాల్సింది అదే.

ఈ రెండు మూడు డిగ్రీల కోసం అంత పట్టుదల ఎందుకంటే, చర్మం 44 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంటే కాలుతుంది, ఒక ఆరు గంటలు చాలు. అక్కణ్ణుంచి ఒక్కో డిగ్రీ పెరిగేకొద్దీ పట్టే సమయం ఇంచుమించు సగం చొప్పున తగ్గుతుంది. 60 డిగ్రీల నీళ్లయితే కొన్ని సెకన్లే. 1947లోనే దీన్ని కొలిచి చెప్పారు. అంటే "వెచ్చగా హాయిగానే ఉందమ్మా" అని బ్యాగ్ పెట్టుకునే నిద్రపోయినా కాలుతుంది. అందుకే గోడ మీద పెద్ద అక్షరాలతో రాశాం: పన్నెండు నిమిషాలు, మనిషి పక్కన ఉండాలి, బ్యాగ్ మీద పడుకోకూడదు, రాత్రి పక్కలో పెట్టకూడదు. అయిదు నిమిషాలకోసారి టవల్ ఎత్తి చర్మం చూడాలి. లేత గులాబీ రంగు అయితే సరే. ఎర్రగా మచ్చలు మచ్చలుగా ఉంటే అప్పుడే తీసేయాలి.

జనవరి మొదట్లో: మొదలుపెట్టాం

పొద్దున్నే పెడుతున్నాం. నిద్ర లేచాక పెద్దపేగు దానంతటదే కదలడం మొదలుపెడుతుంది, కడుపులోకి ఏదైనా పడితే ఆ కదలిక ఇంకా పెరుగుతుంది. ఆ వేళని వదులుకుని మధ్యాహ్నం ఎంత ప్రయత్నించినా అంత లాభం ఉండదు. లేవగానే ఒక గ్లాసు గోరువెచ్చని నీళ్లు, కాఫీ తాగేవాళ్లకి కాఫీ, తర్వాత వెల్లకిలా పడుకోబెట్టి మోకాళ్ల కింద దిండు, పొట్ట కండరాలు వదులవడానికి. బొడ్డు కింద బ్యాగ్. పన్నెండు నిమిషాలయ్యాక బ్యాగ్ తీసి, అరచేత్తో మెల్లగా రాయడం: కుడివైపు కింద మొదలుపెట్టి పక్కటెముకల దాకా పైకి, అక్కణ్ణుంచి అడ్డంగా ఎడమకి, ఎడమవైపు కిందికి. పెద్దపేగు దారి అదే. తర్వాత బాత్రూం. పది నిమిషాలు కూర్చుంటారు, రాకపోతే లేచి వచ్చేస్తారు, ముక్కడం లేదు.

పైన పెట్టిన వేడి పేగుదాకా పోయి మలాన్ని కరిగిస్తుందని మా ఆయమ్మలు అనుకున్నారు. అలా కాదు. ఆ వేడి చర్మం, కొవ్వు, మహా అయితే పైకండరం వరకే. పనంతా నరాల ద్వారా జరుగుతుంది. చర్మం వెచ్చబడితే బిగుసుకున్న కండరం సడలుతుంది, పేగుని కదిలించే నరాల వైపు మొగ్గు పెరుగుతుంది. నడుము కింద త్రికం (వెన్నెముక చివరి ఎముక) దగ్గర బయల్దేరే నరాలే పెద్దపేగు చివరి భాగానికీ వెళ్తాయి కాబట్టి అక్కడ పెట్టడానికీ అర్థం ఉంది.

మొదట కదిలింది గ్యాస్. మామ్మగార్లు నవ్వుకున్నారు కూడా. ఉబ్బరంతో రాత్రంతా పొర్లే ఒకాయన మూడో పూటే "పొట్ట తేలికైంది సిస్టరమ్మా" అన్నారు, మోషన్ అవ్వకపోయినా.

సంక్రాంతి తర్వాత

పండగకి కొందరు పిల్లల ఇళ్లకి వెళ్లొచ్చారు, కొందరికి పిల్లలే అరిసెలూ జంతికలూ తెచ్చారు. తినాలి, పండగ కదా. కానీ నిద్ర లేచే వేళ మారింది, కొత్త బాత్రూం, ఇంట్లో అందరూ ఉండగా అంతసేపు లోపల కూర్చోవడానికి మొహమాటం, ప్రయాణంలో మధ్యలో వెళ్లాల్సి వస్తుందని నీళ్లు మానేయడం. తిరిగొచ్చాక చార్టులో అన్నీ ఒకట్లూ రెండ్లే. మళ్లీ అదే వేళకి అదే వరసలో కూర్చోబెట్టాక వారం పది రోజులకి కుదుటపడ్డారు. నా ఉద్దేశంలో పొద్దున్న వేళ తప్పకపోవడానికి కాపడంతో సమానమైన బలం ఉంది. పన్నెండు నిమిషాలు మనిషి పక్కన కూర్చుని తొందరపెట్టకుండా మాట్లాడడానికి కూడా.

ఫిబ్రవరి: విరేచనాలు అనుకున్నవి

ఇది అందరూ తెలుసుకోవాల్సిన సంగతి, అందుకని వివరంగా రాస్తున్నాను. మంచం మీదే ఉండే ఒక మామ్మగారికి రెండు రోజులుగా బట్టలు తడుస్తున్నాయి, పలచగా, వాసన. పుస్తకంలో ఏడు, ఏడు, ఏడు అని ఉంది. ఆయమ్మ విరేచనాలు కట్టడానికి మాత్ర అడిగింది. అంతకుముందు పేజీలు తిప్పి చూస్తే వారంపైగా ఏమీ లేదు, ఖాళీ. పొట్ట ఎడమవైపు కింద నొక్కితే గట్టిగా తగిలింది. డాక్టర్‌గారు వచ్చి వేలితో పరీక్ష చేస్తే కింద గడ్డకట్టినట్టు నిండిపోయి ఉంది, దాని పక్కనుంచి పైనున్న నీళ్లే కారుతున్నాయి. ఆ మాత్ర వేసుంటే ఇంకా బిగుసుకునేది. ఆయన చెప్పిన ఎనిమా ఇచ్చాం. ఆవిడకి కిడ్నీలు బలహీనం కాబట్టి ఫాస్ఫేట్ రకం కాకుండా వేరేది. రెండు పూటలకి ఖాళీ అయింది. ఆరోజు సాయంత్రం ఆవిడ పెరుగన్నం అడిగి తిన్నారు, వారం రోజుల్లో మొదటిసారి.

ఇలాంటి చోట కాపడం పనికిరాదు. అడ్డం తీశాకే ఆవిడకి మొదలుపెట్టాం, మళ్లీ అలా కాకుండా ఉండడానికి.

ఫిబ్రవరి చివర: మందుల డబ్బాలు

మొదట్లో మందులు మార్చొద్దన్నారు కదా, ఇప్పుడు ఆ గడువైంది. అందరి మందుల డబ్బాలూ బల్ల మీద పరిచి డాక్టర్‌గారితో కూర్చున్నాం. ఐరన్, కాల్షియం మాత్రలు, నొప్పికి ట్రమడాల్, నిద్రకో నరాలకో అమిట్రిప్టిలిన్, బీపీకి వెరపమిల్, కాళ్ల వాపుకి నీళ్ల మాత్ర, ఇవన్నీ మలబద్ధకాన్ని తెచ్చేవే, ఒక్కొక్కరి డబ్బాలో వీటిలో మూడేసి. కాపడానికి ఏమాత్రం లొంగని ఒక తాతగారి డబ్బాలో ఐరన్, కాల్షియం, ట్రమడాల్ మూడూ ఉన్నాయి. ట్రమడాల్ ఆపి వేరే నొప్పి మాత్రకి మార్చాక, అప్పటిదాకా పనిచేయని వేడి నీళ్ల బ్యాగే ఆయనకి పనిచేయడం మొదలుపెట్టింది.

వణుకుడు జబ్బున్న మాస్టారు ఒకాయన ఉన్నారు. పార్కిన్సన్స్‌లో చేతులు వణకడానికి ఏళ్ల ముందే మలబద్ధకం మొదలవుతుందని డాక్టర్‌గారు చెప్తుంటే, "రిటైరైన కొత్తలోనే మొదలైందండి నాకు, ఎవరూ పట్టించుకోలేదు" అన్నారాయన. పైగా వణుకు తగ్గడానికి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్ కూడా పేగుని మందగింపజేస్తుంది. ఆ మందు మోతాదు మెల్లగా తగ్గిస్తున్నారు, నడుముకి తడి టవల్ కొనసాగుతోంది, మలాన్ని మెత్తబరిచే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి కూడా రోజూ ఒక సాచెట్ ఉంది. కాపడం వచ్చింది కదా అని మందు మానేయాలన్నది మా ఉద్దేశం కాదు.

ఇసబ్‌గోల్ గురించి ఒక మాట. నీళ్లు సరిగ్గా తాగనివాళ్లకీ మంచం మీదున్నవాళ్లకీ అది లోపలే ముద్దకట్టి ఇంకా బిగుసుకుంటుంది. మింగడం కష్టమైనవాళ్లకి లిక్విడ్ పారాఫిన్ ఉన్న సిరప్ ఇవ్వకూడదు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. షాపులో అడిగి తెచ్చి ఇచ్చే పిల్లలకి ఈ రెండూ ఫోన్‌లో మరీ మరీ చెప్తున్నాను.

మార్చి: పీటలు

కమోడ్ మీద కూర్చుంటే కాళ్లు వేలాడుతున్నాయి కొందరికి. గొంతుకూర్చునే అలవాటుతో పెరిగిన శరీరాలు అవి, మోకాళ్లు పోయి కమోడ్‌కి మారారు. మోకాళ్లు తొంటి కంటే పైకి లేస్తే మలద్వారం దగ్గర వంపు తిరిగి ఉండే కండరం వదులై దారి తిన్నగా అవుతుంది. వడ్రంగి చేత జానెడు ఎత్తు పీటలు చేయించి కింద రబ్బరు ముక్కలు కొట్టించాం, జారకుండా. గోడకి పట్టుకునే కడ్డీ ఉన్న బాత్రూంలోనే వాడుతున్నాం. తుంటి ఎముక మార్చినవాళ్లకి పీట లేదు, అంత వంగకూడదు.

స్పర్శ తెలియని షుగర్ మామ్మగారికి ఈ పీట, పొట్ట రాయడం, పొద్దున్న గ్లాసు గోరువెచ్చని నీళ్లు, తోటకూర పప్పు మెత్తగా మెదిపి పెట్టడం, ఇవే. వారానికి ఒకసారి అయ్యేది ఇప్పుడు మూడుసార్లు అవుతోంది, ఒక్కసారి కూడా వేడి తగలకుండా.

ఏప్రిల్

ఎండలు ముదిరాయి. సముద్రపు ఉక్క. "ఈ ఉడుకులో కాపడం ఏంటమ్మా" అని సగంమంది వద్దంటున్నారు, వాళ్లు వద్దంటే పెట్టం. కావాలన్నవాళ్లకి తెల్లారకముందే, అయిదున్నరకి, ఎనిమిది నిమిషాలే. చెమటకి టవల్ కింద పొక్కులు రాకుండా తీశాక తడి గుడ్డతో తుడిచి ఆరబెడుతున్నాం.

ఇప్పుడు అసలు పని నీళ్లది. పెద్దవాళ్లకి దాహం సరిగ్గా తెలియదు, తెలిసినా రాత్రి లేవాల్సొస్తుందని తాగరు. కాబట్టి సాయంత్రం ఆరులోపే ఎక్కువ పట్టించేస్తున్నాం: పలచని మజ్జిగ, రాగి జావ, కొబ్బరినీళ్లు. గుండె బలహీనమై నీళ్లకి కొలత పెట్టినవాళ్ల గ్లాసుకి ఎర్ర రిబ్బన్ కట్టాం, వాళ్లకి డాక్టర్‌గారు చెప్పిన కొలత దాటకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్లకి కొబ్బరినీళ్లు వద్దు.

ఇప్పటిదాకా పుస్తకం చూస్తే నాకు అర్థమైనది: ఉబ్బరం, బిగువు, ముక్కుడు ఉండి అంతో ఇంతో కదలగలిగేవాళ్లకి వేడి బాగా పనిచేసింది, రాత్రి మాత్ర అడగడం తగ్గింది. మందుల వల్ల వచ్చినదానికి మందు మారకుండా పనిచేయలేదు. కింద అడ్డం పడ్డవాళ్లకి అసలు పనిచేయలేదు. కాలిన గాయం ఒక్కటి కూడా కాలేదు, ఎవరికీ బొబ్బ కూడా లేదు. పక్కన మనిషి ఉండాలన్న నియమం సడలించనంతకాలం అలాగే ఉంటుంది.

మిగిలిన పనులు: రాత్రి షిఫ్టు ఆయమ్మలకి బ్యాగ్ నింపడం, గ్లాసుల పరీక్ష నేర్పాలి. రబ్బరు బ్యాగ్‌లు మెడ దగ్గర పగుళ్లిస్తున్నాయి, వానాకాలం లోపు కొత్తవి తెప్పించి, కొన్న నెల వాటి మీద మార్కర్‌తో రాయాలి. కొత్తగా చేరేవాళ్ల అడ్మిషన్ కాగితంలో "మోషన్ ఎన్ని రోజులకోసారి, ఏ నంబరు" అన్న గడి వేయించాలి, షుగర్, బీపీ గడుల పక్కనే.